పూజలో పెట్టిన కీబోర్డు

కొల్లెంగోడు
విజయదశమి, గురువారం సాయంత్రం

సుగతేట్టన్‌కి మీ భార్య ఓమన నమస్కరించి రాసేది.

ఇక్కడ నేనూ, మీ అమ్మా, ఆవూ, నిన్న మధ్యాహ్నం పుట్టిన దూడా కులాసాగా ఉన్నాం. అక్కడ గల్ఫులో, సలాలాలో మీరూ, మీ చేతికింద ఉన్న ఆ మూడొందల ఆవులూ కులాసా అనుకుంటాను. మన కంప్యూటర్ కులాసా సంగతి మాత్రం ఒక్క ముక్కలో తేలేది కాదు. దానికోసమే ఈ ఉత్తరం.

రేపు శుక్రవారం, మామూలుగా ఫోను చేస్తారు, అయినా చేత్తో ఉత్తరం ఏమిటని అనుకుంటారేమో. ఫోనులో నేను మాట తిప్పేస్తాను. అది నాకు తెలుసు, మీకూ తెలుసు. కాగితం మీదైతే తిప్పిన మాట అక్కడే కూర్చుని నన్ను చూస్తూ ఉంటుంది. సెలవు అయిపోయి ఎల్లుండి మీ స్నేహితుడు షౌకత్ సలాలా విమానం ఎక్కుతున్నాడు. అతని సంచిలో నిమ్మకాయ పచ్చడి సీసా, అరటికాయ ఉప్పేరి చిప్స్ పొట్లం, వాటి మధ్య ఈ కవరు. పచ్చడి నూనె అంటుకుని ఉంటే ఏమనుకోకండి. రేపు ఫోనులో మాత్రం దూడ బాగుంది, ఉత్తరం వస్తోంది అని చెప్పి పెట్టేస్తాను.

పోయిన ఉత్తరంలో మీరు నాలుగు అడిగారు. వంటింటి పైకప్పు పెంకులు మార్పించాను, ఇప్పుడు కారడం ఆగి పక్కగదిలో మొదలైంది. మీరు పంపిన మోకాళ్ళ తైలం అమ్మ రాసుకోవడం లేదు, "అదేదో అత్తరు కంపు" అంటూ అమ్మిణి కొమ్ములకి రాస్తోంది. కొమ్ములు మాత్రం మెరుస్తున్నాయి. మూడోది, అమ్మిణి ఈనింది, పెయ్యదూడ. అది పెద్ద కథ, మధ్యలో వస్తుంది. నాలుగోది, నాన్నగారి పుస్తకం కొట్టడం మొత్తం అయిందా, సీడీ ఎప్పుడు పంపుతావు అన్నది. దానికి చివర్లో వస్తాను. తప్పించుకుంటున్నానని అనుకోకండి. ఈ ఉత్తరమంతా దానికి జవాబే.

మీకు తెలిసిందే మళ్ళీ రాస్తున్నాను, నా బుర్రలో వరస కుదరడానికి. మీ నాన్నగారు కుమారన్ వైద్యర్ పశువుల వైద్యం రాసిన నోటుపుస్తకం ఒక్కటే ఉంది. దాన్ని మీరు రెండు సెలవుల్లో కూర్చుని నూట పన్నెండు పేజీలు కంప్యూటర్లోకి ఎక్కించారు. మిగిలిన ముప్ఫై ఎనిమిది నాకు అప్పగించి వెళ్ళారు. వృశ్చికమాసంలో ఆయన పోయి పదేళ్ళవుతుంది. ఆ రోజుకి పుస్తకం అచ్చయి రావాలి, మీరు సెలవు పెట్టుకుని రావాలి. త్రిశూర్ ప్రెస్సువాడు తులామాసం ఆఖరులోగా ఫైలు చేతికందాలన్నాడు. ఇదీ లెక్క. ఈ లెక్కలోకి నేను లినక్స్ తెచ్చి పెట్టాను.

ఎందుకు తెచ్చానో వినండి. బడిలో కంప్యూటర్లన్నీ లినక్స్‌కి మారాయని మీకు రాశాను. పదో తరగతి పిల్లలకి ప్రాక్టికల్ పరీక్ష దాంట్లోనే. ఆ క్లాసు నాకు వేశారు. నాకేం రాదండీ అంటే హెడ్మాస్టరు, "లెక్కలూ కంప్యూటరూ మేనత్త మేనమామ బిడ్డలే కదా టీచర్" అన్నారు. పిల్లలేమో నేను బోర్డు మీద రాసేలోపే నొక్కేసి, నా వంక జాలిగా చూస్తున్నారు. ఇంట్లో నేర్చుకుందామంటే మన దాంట్లో విండోస్ ఉంది. అది తీయడానికి లేదు. మీరు మలయాళ అక్షరాలు కొట్టే సరంజామా, నాన్నగారి పుస్తకం అన్నీ అందులోనే. అప్పుడు మా బడిలో ఫిలోమినా టీచర్ చెప్పింది, రెండూ ఒకే డిస్కులో పెట్టుకోవచ్చని. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నట్టు మధ్యలో గోడ పెడతారట. ఆన్ చేసినప్పుడల్లా ఏ వాటాలోకి వెళ్తావని అదే అడుగుతుందట. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని మీరు రాశారు. ఆ ఉత్తరం నాకు అందేసరికి నేను ఒర విప్పేశాను.

మంగళవారం అష్టమి. బడికి సెలవు. ఫిలోమినా టీచర్ ఒక సీడీ, ఎనిమిది పేజీల చిన్న పుస్తకం ఇచ్చి, "ఆదివారం నేనొస్తా, అప్పటిదాకా ముట్టుకోకు" అంది. ఆదివారం దాకా నేనెందుకు ఆగుతాను. మధ్యాహ్నం రెండింటికి అన్నం తిని, చెయ్యి కడుక్కుని కూర్చున్నాను.

మొదటి ప్రశ్న ఏ భాష అని. తేలికే. తర్వాత ఏ ఊరు అంది, కొల్లెంగోడు లేదు, కలకత్తా ఉంది, సరే అన్నాను. ఆ తర్వాత మొదలైంది నా తిప్పలు. డిస్కుని ఏం చేయమంటావు, మొత్తం వాడనా, పక్కన సర్దుకోనా, నువ్వే చేసుకుంటావా అంది. పక్కన సర్దుకో అన్నాను. ఎంత ఇవ్వమంటావు అంది. ఎంతని చెప్పను? పుస్తకంలో చూస్తే సి ఉండదు, డి ఉండదు, హెచ్‌డీఏ ఒకటి ఉంటుంది, హెచ్‌డీఏ ఐదు ఉంటుంది అని రాసి ఉంది. మరి రెండూ మూడూ నాలుగూ ఏమయ్యాయి? ఇరవై రెండేళ్ళుగా లెక్కలు చెబుతున్న దాన్ని, ఒకటి తర్వాత ఐదు వస్తే నాకెలా ఉంటుందో ఆలోచించండి. వెనక్కి వెళ్ళాను, ముందుకొచ్చాను, మళ్ళీ వెనక్కి వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ అంకెలు వేరేగా కనిపించాయి. చివరికి, ఇక్కడినుంచి వెనక్కి తిరగడం ఉండదు, సరేనా అని అడిగింది. బ్యాంకు కాగితాల మీద ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టినట్టు సరే నొక్కేశాను.

ఒక గీత వచ్చింది. పది, ఇరవై, నలభై అని పక్కన అంకె పెరుగుతూ పోయింది. నాకు ధైర్యం వచ్చి కాఫీ కూడా పెట్టుకున్నాను. అయిదున్నరకి తొంభై ఐదు అయింది. అక్కడ ఆగింది. అరగంటైనా కదల్లేదు.

ఈలోగా అమ్మ పూజగది కడిగి, ముగ్గేసి, పీట మీద పట్టుగుడ్డ పరిచింది. అష్టమి సాయంత్రం పుస్తకాలూ పనిముట్లూ దేవి ముందు పెట్టేస్తే దశమి పొద్దున్న దాకా ఇంట్లో ఎవరూ చదవకూడదు, రాయకూడదు. అమ్మ పట్టింపు మీకు తెలుసుగా. మా కళాశాల రోజుల్లో పరీక్ష ఉంటే మా పుట్టింట్లో చదువుకోనిచ్చేవారు. నా పాఠ్యపుస్తకాలు, మీ చిన్నప్పటి పలక, కొడవలి, నాన్నగారి మందు నూరే కల్వం, ఆ నోటుపుస్తకం అన్నీ అప్పటికే పీట ఎక్కాయి. దీపం వెలిగించి అమ్మ నా గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అదీ రాత సామానేగా," అంది కంప్యూటర్ వైపు చూపిస్తూ.

"ఇదింకా అవలేదమ్మా."

"ఎంతలో అవుతుంది?"

"తెలీదమ్మా. తొంభై ఐదు దగ్గరుంది."

"దేంట్లో తొంభై ఐదు?"

నూటికి అన్నాను. దేనికి నూరో నాకూ తెలీదు. అమ్మ దీపం కేసి ఒకసారి, గీత కేసి ఒకసారి చూసింది. నేను లేచి ప్లగ్గు తీసేశాను.

మళ్ళీ పెట్టి చూశాను, ఎలా ఉందో చూద్దామని. నల్లటి తెర. పైన మూలన గ్రబ్ అని ఒక మాట, ఎర్రర్ పదిహేను అని ఒక అంకె. విండోస్ లేదు, లినక్స్ లేదు. ఏ వాటాలోకి వెళ్తావని అడిగే మనిషే లేడు. మళ్ళీ తీసి మళ్ళీ పెట్టాను, మళ్ళీ పదిహేనే. అమ్మ వచ్చి కీబోర్డు, మౌసు, సీడీ, ఆ ఎనిమిది పేజీల పుస్తకం అన్నీ పట్టుకెళ్ళి పట్టుగుడ్డ మీద పెట్టింది. పెట్టె మోయలేక దాని నెత్తిన చందనం బొట్టు పెట్టి ఒక మందారం ఉంచింది. నోటుపుస్తకం పక్కన కీబోర్డు, రెండింటికీ కలిపి ఒకే దండ.

ఇప్పుడు నా పరిస్థితి చూడండి. కంప్యూటర్ చచ్చింది. ఎందుకు చచ్చిందో ఎనిమిది పేజీల పుస్తకంలో రాసి ఉంది. ఆ పుస్తకం దేవి ముందుంది. గురువారం దాకా తెరవకూడదు. పదిహేను అంటే ఏమిటో తెలియకుండా రెండు రాత్రులూ ఒక పగలూ గడపాలి. ఫిలోమినా టీచర్‌కి ఫోను చేశాను. మధ్యలో ప్లగ్గు తీశావా అంది. అమ్మ తీయించింది అన్నాను.

బుధవారం పొద్దున్నే స్కూటీ మీద దిగింది. చేతిలో ఇంకో పుస్తకం, అలాంటిదే. వరండాలో కూర్చుని విప్పబోతే అమ్మ వచ్చింది.

"ఈ ఇంట్లో ఇవాళ చదవకూడదమ్మా టీచరూ."

"నేను చర్చికి వెళ్ళేదాన్నమ్మా. నాకు నిషేధం లేదుగా."

అమ్మ నా వైపు వేలు చూపించింది. "నీకు లేదు. ఓమనకి ఉంది."

"నేను చదువుతా, ఓమన వింటుంది. వినడం చదవడం అవుతుందా?"

"వినడం చదవడం కాదు," అని అమ్మ తీర్పు చెప్పి, తనూ గుమ్మంలో చతికిలపడింది వినడానికి.

అలా నవమి నాడు మా వరండాలో పారాయణ జరిగింది. ఫిలోమినా టీచర్ చదివింది, నేను ఒక్క ముక్క రాసుకోవడానికి లేక వేళ్ళు మడుస్తూ కూర్చున్నాను. పదిహేను అంటే వెతికిన ఫైలు దొరకలేదని అట. ఏ ఫైలు, ఎవరు వెతికారు, దాంట్లో రాయలేదు. డిస్కు అంతా పోయి ఉండొచ్చు, పోకపోయీ ఉండొచ్చు. "గోడ కట్టే మధ్యలో మేస్త్రీని గెంటేశారు మీరిద్దరూ," అంది టీచర్. "ఇల్లు నిలబడి ఉందో లేదో లోపలికి వెళ్తేగాని తెలీదు." మరి నాన్నగారి పుస్తకం ఏమైనట్టు అన్నాను. ఆమె చేతిలో పుస్తకం మూసేసింది. అమ్మ లేచి లోపలికి వెళ్ళింది. ఆ పూట అన్నం తినలేదు. ఆయన జ్ఞాపకం పోయిందని బాధపడుతోంది అనుకున్నాను.

పదకొండింటికి అమ్మిణి అరుపు. వెళ్ళి చూస్తే నీటిసంచి బయటపడి చాలాసేపైంది, దూడ కాలు ఒక్కటే కనిపిస్తోంది. పశువుల డాక్టరుకి ఫోను చేస్తే సెలవు, పాలక్కాడు వెళ్ళారన్నారు. అమ్మ కొంగు దోపి, మోచేతి దాకా కొబ్బరినూనె రాసుకుని, లోపలికి చెయ్యి పెట్టింది. ఏదో గొణుక్కుంటూ, ఆవు నొప్పి వచ్చినప్పుడు ఆగి, పోయినప్పుడు కదిపి, రెండో కాలు సరిచేసి తల తిప్పింది. ముప్పావుగంట. ఒక్కసారి కూడా తొందరపడలేదు. దూడ నేలమీద పడ్డాక దాని ముక్కులోకి ఊది, గడ్డితో తుడిచి, చెయ్యి కడుక్కుని, "టీచర్‌కి కాఫీ ఇచ్చావా?" అంది నాతో.

ఫిలోమినా టీచర్ నా చెవిలో, "ఆ సీడీ మీ అత్తగారి చేతికిస్తే సరిపోయేది," అంది. నేను నవ్వాను. నాన్నగారి పక్కన నిలబడి చూసి నేర్చుకుని ఉంటుందిలే అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

ఇవాళ పొద్దున్నే స్నానాలు చేసి, పళ్ళెంలో బియ్యం పోసి, వేలితో హరిశ్రీ అని మళ్ళీ అక్షరాలు దిద్దాం. అమ్మ పూజ ఎత్తి కీబోర్డు నా చేతిలో పెట్టింది. మీద పసుపు, అక్షింతలు. రెండు అక్షింతలు మీటల మధ్యకి దిగాయి, ఇంకా అక్కడే ఉన్నాయి. తొమ్మిదింటికి ఫిలోమినా టీచర్ వచ్చింది. ఆ సీడీ పెడితే డిస్కుతో పనిలేకుండా సీడీ మీదే కంప్యూటర్ నడుస్తుందట. ఆ ముక్క మంగళవారం నాకు తెలిసుంటే ఎంత బాగుండేది. నడిచింది. హెచ్‌డీఏ ఒకటి అనే దాన్ని తెరిచింది. అందులో మన విండోస్, మన ఫోల్డర్లు, మీ మేనకోడలి పెళ్ళి ఫొటోలు అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. నాన్నగారి పుస్తకానికి అచ్ఛన్ అని, నాన్న అని, మీరు పేరు పెట్టిన ఫైలు కూడా ఉంది.

తెరిచాం. లోపల ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, డాలరు గుర్తులు, ఎక్కడ చూసినా అవే. పేజీల నిండా. నాకు మతిపోయింది. ఫైలు ఉంది, లోపల మనిషి లేడు. టీచర్ కూడా తల గోక్కుంది. తర్వాత ఆమెకే తట్టింది, మీరు వాడిన అక్షరాల అచ్చు విండోస్ వాటాలో ఉండిపోయింది, ఇక్కడ లేదు, అందుకని అక్షరాలు వేషం మార్చాయని. ఆ అచ్చు వెతికి తెచ్చి ఇక్కడ పెట్టింది. ఒక్క నొక్కుతో కొక్కేలన్నీ మలయాళం అయిపోయాయి. మొదటి పేజీ, పొదుగువాపు గురించి. నా వెనక నిలబడిన అమ్మ చెయ్యి నా భుజం మీద పడింది. టీచర్ దాన్ని పెన్‌డ్రైవులో వేసి, ముడివేసి నా కొంగుకి కట్టినంత పని చేసింది. అమ్మ పాయసం తెచ్చింది.

"మొత్తం ఎన్ని పేజీలున్నాయి?" అని అడిగింది అమ్మ.

టీచర్ కిందికి జరిపి చూసింది. "నూట పన్నెండు."

"మిగతావి?"

ఇంకో ఫైల్లో ఉన్నాయి, అది పోయిందేమో అన్నాను. టీచర్ పాపం నిజమనుకుని డిస్కంతా వెతికింది. తేదీల ప్రకారం వెతికింది, పేరు ప్రకారం వెతికింది. నా చేతిలో పాయసం గిన్నె చల్లారిపోయింది.

ఇప్పుడు మీ నాలుగో ప్రశ్న. మూడు ఉత్తరాల్లో మీరు అడిగారు. మూడుసార్లూ అవుతోంది, అయిపోవచ్చింది, అయిపోయింది అని రాశాను. అవలేదు. ఒక్క పేజీ కూడా కొట్టలేదు. నూట పదమూడో పేజీ నుంచి రాత మారిపోయింది. నాన్నగారి చెయ్యి వణికినట్టుంది, నువ్వు ఓపిగ్గా చూసుకో అని మీరు చెప్పి వెళ్ళారు. ఎంత ఓపిగ్గా చూసినా నాకు ఒక్క వాక్యం అర్థం కాలేదు. ఒకదానికొకటి పొంతనలేని అక్షరాలు, సగం పాత లిపి, సగం ఏ లిపీ కాదు. టీచరమ్మ మామగారి రాత చదవలేకపోయిందని ఎవరితో చెప్పుకోను? అమ్మని అడగడానికి నామోషీ. మూడో తరగతి దాకా చదివిన మనిషికి ఇదేం తెలుస్తుంది అనుకున్నాను. అదీ నిజమే, దాచడం ఎందుకు. రోజూ తెరిచేదాన్ని, మూసేదాన్ని. ఒకరోజు విసుగొచ్చి, "కోడి గెలికినట్టుంది ఈ రాత" అని గట్టిగానే అన్నాను. అమ్మ పక్కనే బియ్యం ఏరుతోంది.

ఇంకొకటుంది. నల్లతెర మీద ఎర్రర్ పదిహేను చూసినప్పుడు నాకు ముందు భయం వేయలేదు. హమ్మయ్య అనిపించింది. మొత్తం పోయిందండీ, నేను కొట్టిందీ పోయింది, కంప్యూటర్ మింగేసింది అని మీకు రాసేయొచ్చు అనిపించింది. మీ రెండు సెలవుల కష్టం, మీ నాన్నగారి జీవితం, అన్నీ పోయాయని నాకు ప్రాణం కుదుటపడింది. ఎంతసేపో కాదు, రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు గుర్తొస్తే ఇప్పటికీ నా ముఖం నాకే చూపించుకోలేను.

పైన రాసిన దాంట్లో ఒక ముక్క వదిలేశాను. నేను ప్లగ్గు తీసే ముందు అమ్మ ఒక మాట అంది. "అవనీలే ఓమనా, కాసేపటికే దేవి అలగదు" అంది. విన్నాను. విని కూడా తీశాను. ఎందుకు తీశానో నాకు తెలియదు. ఆ తొంభై ఐదుని చూడలేక తీశానో, పోతే పోనీ అని తీశానో. రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. తేలడం లేదు. అమ్మ తీయించిందని టీచర్‌తో చెప్పింది కూడా అబద్ధమే. అమ్మ అది విన్నది, కాదని అనలేదు.

సరే. టీచర్ వెతికి వెతికి, దొరకడం లేదు, ముందు లినక్స్ పని ముగిద్దాం అని మళ్ళీ మొదటినుంచి మొదలెట్టింది. ఆ గీత మళ్ళీ వచ్చింది. పది, నలభై, ఎనభై. తొంభై ఐదు దగ్గర ఆగింది. నా చూపు ప్లగ్గు మీదికి పోయింది. "కంగారుపడకు, ఆగినట్టుంటుంది గాని లోపల పని జరుగుతూనే ఉంటుంది. పాత డిస్కు కదా," అని ఆమె బయటికి వెళ్ళి ఫోను మాట్లాడుకుంటోంది. అప్పుడు అమ్మ పూజగదిలోంచి నోటుపుస్తకం తెచ్చి నా పక్కన కూర్చుంది. నేను పెట్టిన పెన్సిలు గుర్తు దగ్గర తెరిచింది.

"ఇక్కడేగా ఆగావు."

నేను పుస్తకం వైపు జరిగాను. అమ్మ కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా గడగడా చదివింది. దూడ అడ్డం తిరిగితే చెయ్యి ఎటునుంచి పెట్టాలి, నొప్పి వచ్చినప్పుడు ఎందుకు ఆగాలి, తొందరపడితే ఏమవుతుంది. నిన్న కొట్టంలో గొణుక్కున్న మాటలే. ఒక్క అక్షరం తడుముకోలేదు.

"ఈ రాత మీకెలా అర్థమైందమ్మా?" అన్నాను.

"గెలికిన కోడిని నేనే కదమ్మా," అంది.

నేను లేచి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఏడ్చానని వేరే రాయాలా? అమ్మ నా తల మీద చెయ్యి వేసి, తర్వాతి పేజీ తిప్పుతూ చెప్పింది. నాన్నగారికి చివరి మూడేళ్ళు చెయ్యి వణికేదట. ఆయన చెప్పేవారు, అమ్మ రాసేది. మీరు అప్పటికే సలాలా వెళ్ళిపోయారు. ఎవరూ అడగలేదు, తను చెప్పలేదు.

"అయితే ఇవన్నీ ఆయన చెప్పినవేనన్నమాట," అన్నాను.

"ముప్ఫై ఆయన చెప్పారు. ఆఖరి ఎనిమిదీ ఎవరూ చెప్పలేదు."

నేను ఆ పేజీలు తిప్పాను. పైన తేదీ ఉంది. మన కొల్లవర్షం లెక్కలో 1176 మీనమాసం. నాన్నగారు పోయింది 1174 వృశ్చికంలో. ఒకటి తర్వాత ఐదు వచ్చినప్పుడు కూడా నేను ఇంత తికమక పడలేదు.

"ఆయన పోయాక కూడా ఆడవాళ్ళు పెరటి గుమ్మం దగ్గరికి వచ్చేవాళ్ళు, ఆవుకి బాగాలేదు, వైద్యర్ చెప్పి వెళ్ళిన మందేమైనా ఉందా అని," అంది అమ్మ. "ఉందనేదాన్ని. నేను ఆలోచించి కట్టిన మందు అంటే ఎవరైనా గొడ్డుకి పెడతారా? ఆయన పేరు మీద ఇచ్చేదాన్ని. తగ్గితే రాసిపెట్టేదాన్ని. తగ్గకపోతే అదీ రాసిపెట్టేదాన్ని. చూడు, అక్కడ రాసుంది, మన పాత ఎర్రావు బతకలేదు."

నిన్న ఎందుకు అన్నం తినలేదో అప్పుడు అర్థమైంది. ఆయన పుస్తకం పోయిందని కాదు. నేను కొట్టేశానని ఆవిడా నమ్మింది. తన పేజీలు కూడా ఎక్కాయని, కంప్యూటర్లో ఆయన పేజీల పక్కన తన పేజీలు ఉన్నాయని నమ్మి, పోయాయని అన్నం మానేసింది.

అమ్మ చదువుతోంది, నేను కాగితం మీద రాస్తున్నాను, అలా రెండు పేజీలయ్యాయి. టీచర్ లోపలికి వచ్చి, "ఓమనా, తొంభై ఆరు" అంది. తొంభై ఐదు దగ్గర అది నలభై నిమిషాలు ఆగిందట. మంగళవారం ఇంకో పది నిమిషాలు నేను ఆగి ఉంటే కదిలేదేమో. ఆ తర్వాత చకచకా నూరు అయింది. ఇప్పుడు ఆన్ చేస్తే తెర మీద రెండు పేర్లు వస్తున్నాయి, ఒకదాని కింద ఒకటి. పది సెకన్లు ఆగుతుంది, మనం ఏదీ నొక్కకపోతే తనే పైదాన్ని ఎంచుకుంటుంది. కిందిది కావాలంటే చెయ్యి పెట్టి నొక్కాల్సిందే. రెండూ నడుస్తున్నాయి. ఎలా నడుస్తున్నాయో మాత్రం ఫిలోమినా టీచర్‌ని అడగండి.

రోజుకి మూడు పేజీల లెక్కన అమ్మ చదువుతుంది, నేను కొడతాను. తులామాసం సగం కాకముందే సీడీ త్రిశూర్‌లో ఉంటుంది. ఈసారి లెక్క నిజమైనదే, అమ్మ సాక్షి. మీకు కోపం వచ్చి ఉంటుంది, రావాలి. వచ్చే శుక్రవారం ఫోనులో తిట్టండి, మాట తిప్పకుండా వింటాను. కానీ ఒక్కటి. పుస్తకం అట్ట మీద కుమారన్ వైద్యర్ అని ఒక్క పేరే వేయించాలనుకుంటున్నారు. రెండు పేర్లు వేయించండి. లేకపోతే ఆఖరి ముప్ఫై ఎనిమిది పేజీలు నేను ప్రెస్సుకి ఇవ్వను. ఇది అబద్ధం కాదు.

ఈ ఉత్తరమంతా అమ్మకి చదివి వినిపించాను, రెండు నిమిషాల ముక్కతో సహా. అంతా విని కలం ఇలా ఇవ్వమంది. కింద తనే రాస్తుంది. ఆ రాత మీరు చూసిందే, పోల్చుకోవడానికి కష్టం ఉండదు.

ఇట్లు
మీ అబద్ధాలకోరు భార్య,
ఓమన

సుగతా, అమ్మ ఆశీస్సులు. దూడ పాలు తాగుతోంది. ఓమనని తిట్టకు, తిట్టేది ఉంటే నన్ను తిట్టు, నేనూ పదేళ్ళు చెప్పలేదు. పేరు వేయిస్తే వైద్యర్ గారి భార్య అని వేయించకు. కార్త్యాయని అని వేయించు.

ఇట్లు
నీ తల్లి